4.49, 4.50, 4.51: మీ రైఫిల్ బారెల్‌కు ఏ పెల్లెట్ సరిపోతుంది?

గత జులైలో ఒక ఆదివారం గచ్చిబౌలి షూటింగ్ రేంజ్ నుంచి కూకట్‌పల్లి వచ్చేదాకా మా అమ్మాయి కార్లో ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చాక స్కోర్ షీట్ నా చేతిలో పెట్టి, "నాన్నా, నాకు పొజిషన్ కుదరట్లేదు. ఇక నా వల్ల కాదేమో" అంది. అప్పటికి మూడు వారాలుగా అదే వరస. మోచేయి ఆనించే చోటు మార్చింది, భుజానికి ఆనే బట్ ప్లేట్ కాస్త కిందికి దించింది, ఊపిరి ఎక్కడ ఆపాలో మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంది. తప్పు వాటిలో దేన్లోనూ లేదు. తన ఎయిర్ రైఫిల్‌కని నేను కొనుక్కొచ్చిన పెల్లెట్లలో, అంటే అందులో వేసి కాల్చే సీసపు గుళ్లలో ఉంది.

మాకు తెలిసినవాళ్ల అబ్బాయి 4.51 సైజుతో బాగా కొడుతున్నాడని విని, అవే ఆరు డబ్బాలు తెచ్చాను. వాళ్లదీ మాదీ ఒకే కంపెనీ రైఫిల్, ఒకే మోడల్. ఇంకేం తేడా ఉంటుందిలే అనుకున్నాను. ఒక మిల్లీమీటరులో నూరో వంతు తేడా ఉంది. దానికి మా పిల్ల మూడు వారాలు తనను తాను తిట్టుకుంది. ఆ బాధ నాకింకా పోలేదు. మీ పిల్లలకు ఆ అవసరం రాకూడదని ఇదంతా రాస్తున్నాను.

ఇది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ గురించి. మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన ఈవెంట్ ఇదే. ఈషా సింగ్‌ను చూసి పిస్టల్ వైపు వెళ్లే పిల్లలు కూడా ఉన్నారు. పెల్లెట్ల విషయంలో వాళ్లకూ ఇందులో చాలావరకు పనికొస్తుంది.

ముందు చట్టం సంగతి చూద్దాం. మన దేశంలో బారెల్ లోపలి వ్యాసం 4.5 మిల్లీమీటర్లు (అంగుళాల్లో 0.177) దాటకుండా, బయటికొచ్చే శక్తి 20 జూల్స్ దాటకుండా ఉన్న ఎయిర్ రైఫిల్‌కు ఆయుధ లైసెన్స్ అక్కర్లేదు. పోటీల్లో వాడే మ్యాచ్ రైఫిల్ సుమారు 8 జూల్స్ దగ్గరే ఉంటుంది కాబట్టి అది ఈ పరిమితి లోపలిదే. ఎవరైనా "ఇంకాస్త లావు బారెల్ ఉంది, పవర్ ఎక్కువ" అని 5.5 చూపిస్తే తీసుకోకండి. దానికి లైసెన్స్ కావాలి, పైగా ఈ పోటీల్లో అది చెల్లదు.

డబ్బా మీద అంకె అసలు దేని కొలత?

పోటీ పెల్లెట్ల డబ్బా మీద 4.49, 4.50, 4.51 అని ఉంటుంది. కొన్ని కంపెనీలు 4.48, 4.52 కూడా చేస్తాయి. అది మిల్లీమీటర్లలో పెల్లెట్ తల కొలత. పెల్లెట్ సీసంతో చేసిన చిన్న గంటలా ఉంటుంది: ముందు బల్లపరుపు తల, మధ్యలో సన్నని నడుము, వెనక గంట అంచులా విచ్చుకున్న పావడా. వెనక నుంచి గాలి తోసినప్పుడు పావడా బారెల్ గోడలకు ఒత్తుకుని గాలి పక్కల నుంచి జారిపోకుండా మూస్తుంది. తల బారెల్ లోపలి గాడుల మధ్య ఉన్న గట్ల మీద ఆనుకుని, పెల్లెట్ వంకర పోకుండా నడిపిస్తుంది.

తల వదులుగా ఉంటే పెల్లెట్ బారెల్‌లో రవ్వంత వాలుతుంది. బయటికొచ్చాక ఆ వాలు ఒక్కోసారి ఒక్కో వైపు ఉంటుంది. తల బిగుతైతే సీసం నలిగిపోతుంది, ఒక్కో పెల్లెట్ ఒక్కోలా నలుగుతుంది, వేగం కూడా షాట్ షాట్‌కూ మారుతుంది. రెండు దారుల్లోనూ చివరికి జరిగేది ఒకటే. గురి సరిగ్గా ఉన్నా రంధ్రాలు ఒక చోట పడవు.

ఒకే ఫ్యాక్టరీలో, ఒకే యంత్రం మీద తయారైన రెండు బారెళ్లు కూడా లోపల అచ్చం ఒకేలా ఉండవు. నేను నేర్చుకున్నది ఇదే: పక్కింటి రైఫిల్‌కు నప్పిన సైజు మీ రైఫిల్‌కు నప్పాలని లేదు. మన తల వెంట్రుక మందమే 0.07 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. 4.50కీ 4.51కీ తేడా అందులో ఏడో వంతు. కంటికి కనపడదు, వేలికి తెలియదు. టార్గెట్ అట్ట మీద మాత్రం తెలుస్తుంది.

అంత చిన్న తేడాకు ఎన్ని పాయింట్లు పోతాయి?

ఈ లెక్క వేసి చూశాకే నాకు విషయం బోధపడింది. టార్గెట్ నడిమధ్యన ఉండేది పదో రింగు. ఎలక్ట్రానిక్ టార్గెట్ మీద ఆ రింగుకు 10.0 నుంచి 10.9 దాకా దశాంశాల్లో స్కోర్ వస్తుంది. కేంద్రం నుంచి ప్రతి పావు మిల్లీమీటరు దూరానికీ 0.1 తగ్గుతుంది. 60 షాట్లు, గరిష్ఠం 654.0.

సగటున 10.5 కొట్టే పిల్ల ఉందనుకుందాం, అంటే 630 స్కోర్. ఆ పిల్ల షాట్లు కేంద్రం నుంచి సగటున 1.25 మిల్లీమీటర్ల దూరంలో పడుతున్నట్టు. పెల్లెట్ సరిపోక ఇంకో 1 మిల్లీమీటరు చెదిరితే, ఆ రెండూ కలిసి సుమారు 1.6 అవుతుంది. షాట్‌కు 0.14 చొప్పున 60 షాట్లకు 8 పాయింట్ల పైన పోయినట్టే. 630 దగ్గర 8 పాయింట్లంటే ఫైనల్‌కూ గ్యాలరీకీ ఉన్నంత దూరం.

అదే 540 కొడుతున్న కొత్త పిల్లవాడికి షాట్లు ఎలాగూ సగటున 5 మిల్లీమీటర్ల దూరంలో పడుతుంటాయి. అదే చెడ్డ పెల్లెట్ వాడికి రెండున్నర పాయింట్లు మాత్రమే తినేస్తుంది, అదీ రోజువారీ హెచ్చుతగ్గుల్లో కలిసిపోతుంది. ఇది ఉజ్జాయింపు లెక్క. కానీ ఎవరు ఎప్పుడు ఖర్చు పెట్టాలో చెప్పడానికి ఇది చాలు. నేర్చుకునే మొదటి ఏడాది క్లబ్ రైఫిల్, క్లబ్ పెల్లెట్లతో సరిపెట్టుకోండి. 600 దాటి, సొంత రైఫిల్ వచ్చాక పెల్లెట్ టెస్ట్ చేయించండి. అంతకు ముందు ఆ డబ్బు మంచి షూటింగ్ జాకెట్ మీద పెట్టినా, కోచింగ్ మీద పెట్టినా ఎక్కువ లాభం.

ఏ సైజుతో మొదలుపెట్టాలి?

ఏమీ తెలియనప్పుడు 4.50 తీసుకోండి. మధ్యలో ఉంటుంది కాబట్టి అటైనా ఇటైనా మరీ దూరం పోదు. టెస్ట్ చేసేటప్పుడు 4.49, 4.50, 4.51 మూడూ ఒకే కంపెనీవి తెచ్చుకోండి. కంపెనీ కూడా మార్చేస్తే తేడా సైజు వల్ల వచ్చిందో, తయారీ వల్ల వచ్చిందో తెలియదు. సైజు తేలాక అదే సైజులో రెండో కంపెనీ, మూడో కంపెనీ చూడొచ్చు. మన రేంజ్‌ల్లో ఎక్కువగా కనపడేవి ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్10, హెచ్ అండ్ ఎన్ ఫినాలే మ్యాచ్, చైనా నుంచి వచ్చే చియాంగ్ యువాన్. వీటిలో ఇది గొప్ప, ఇది తక్కువ అని నేను చెప్పను. మీ బారెల్‌కు ఏది నచ్చితే అదే మీకు గొప్పది.

బరువు కూడా చూడాలి. రైఫిల్‌కు ఎక్కువమంది 0.53 గ్రాములవి వాడతారు, పిస్టల్‌కు 0.49 గ్రాముల దగ్గరివి. తేలికవి రైఫిల్‌లో బాగా పడిన సందర్భాలు కూడా ఉన్నాయి కాబట్టి ఒక డబ్బా చూడటంలో తప్పు లేదు, కానీ మొదటి ప్రయత్నం బరువువాటితోనే. తల గుండ్రంగా ఉన్నవి మాత్రం ఈ ఆటకు వద్దు. బల్లపరుపు తల అట్టను పంచ్ కొట్టినట్టు కోస్తుంది, గుండ్రటిది చింపుతుంది. చిరిగిన రంధ్రాన్ని కాగితం మీద కొలవడం కష్టం.

బొటనవేలితో లోపలికి తోసి "బిగుతుగా పోతోంది, మంచి సైజు" అనేవాళ్లున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. 4.51 మా రైఫిల్‌లోకి చక్కగా, గట్టిగా పోయేది. అదే నన్ను మోసం చేసింది.

టెస్ట్ ఎలా చేశాం

మనిషి పట్టుకుని కాలిస్తే అది మనిషి పరీక్ష అవుతుంది. రైఫిల్‌ను వైస్‌లో, అంటే కదలకుండా పట్టి ఉంచే పనిముట్టులో బిగించాలి. ఇది ఇంట్లో చేసే పని కాదు. రేంజ్‌లో, కోచ్ దగ్గరుండగా, రైఫిల్ విప్పడం తెలిసినవాళ్లు చెయ్యాలి. చెక్క బట్ తీసేసి, మెత్తని దిమ్మెల మధ్య పట్టించారు. పిల్లను పక్కన కూర్చోబెట్టి రాసుకోమన్నాం. డబ్బాల మీద పేర్లు కనపడకుండా కాగితం అంటించి ఏ, బీ, సీ అని రాశాం. మనం డబ్బు పెట్టి కొన్నదే బాగుండాలని మనసు కోరుకుంటుంది కదా.

డబ్బా మార్చినప్పుడల్లా మొదటి పది పెల్లెట్లు లెక్కలోకి తీసుకోలేదు. పాత సీసం మరక పోయి, కొత్తది బారెల్‌కు పట్టాలి. తర్వాత పదేసి షాట్లు, ఒక్కో డబ్బాకు మూడు గ్రూపులు. ఐదు షాట్ల గ్రూపు చూసి నిర్ణయించకండి. ఐదు అదృష్టం కొద్దీ ఒక చోట పడతాయి, పదికి ఆ అదృష్టం తక్కువ. రంధ్రాల గుంపు బయటి అంచు నుంచి ఎదుటి అంచు వరకు వెర్నియర్‌తో (సన్నని కొలతలు తీసే పనిముట్టు) కొలిచి, అందులోంచి పెల్లెట్ వెడల్పు 4.5 తీసేస్తే అసలు చెదురు వస్తుంది. వెర్నియర్ నేను రాణిగంజ్‌లో కొన్నాను. ఇంట్లో ఒకటి ఉండటం మంచిది, ఎందుకో కింద చెబుతాను.

"ఏ" అని రాసిన డబ్బాకు రంధ్రాలన్నీ కలిసి ఒకే గుండ్రటి చిల్లు పడింది. చిటికెన వేలి గోరు కంటే చిన్నది, అంచులు కత్తిరించినట్టు నున్నగా ఉన్నాయి. సీ డబ్బాకు అదే వైస్‌లో, అదే రైఫిల్‌తో, పూవు విచ్చుకున్నట్టు పడింది. మూడు గ్రూపులూ అంతే. కాగితం ఊడదీసి చూస్తే "ఏ" అంటే 4.50. సీ అంటే నేను తెచ్చిన 4.51. మా అమ్మాయి ఆ రెండు అట్టలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది. "అంటే నేను సరిగ్గానే కొడుతున్నానా నాన్నా?" అంది. కోచ్ సార్ ఏమీ అనకుండా ఆ అట్ట మీద తేదీ వేసి ఆమెకే ఇచ్చారు.

సైజు తేలగానే పని అయిపోయిందనుకోకండి. డబ్బా వెనక లాట్ నంబర్ ఉంటుంది. అదే కంపెనీ, అదే 4.50, కానీ వేరే లాట్ అయితే మళ్లీ తేడా రావచ్చు. అచ్చు అరిగే కొద్దీ, సీసం మారే కొద్దీ పెల్లెట్ మారుతుంది. అందుకే బాగా పడిన లాట్ దొరికితే సీజన్‌కు సరిపడా ఒకేసారి తీసుకోవడం మేలు. వారానికి 300 కొట్టే పిల్లకు ఏడాదికి 15,000 పైనే కావాలి. ఒక్కోదాంట్లో 500 పెల్లెట్లుండే డబ్బాలైతే 30 పైచిలుకు. ఒక్కరికి భారం అనిపిస్తే అదే లాట్ నప్పిన ఇద్దరు ముగ్గురు కలిసి తీసుకోవచ్చు.

తెచ్చాక కూడా జాగ్రత్త కావాలి. డబ్బా కింద పడితే పావడాలు వంగుతాయి. ఒక గాజు పలక మీద పెల్లెట్లను వేలితో మెల్లగా దొర్లించి చూడండి. మంచిది నున్నగా వంపు తిరుగుతూ పోతుంది, వంగినది కుంటుతుంది. కుంటినవి ప్రాక్టీస్‌లో నిలబడే తీరు సరిచూసుకోవడానికి వాడుకోండి. వానాకాలంలో మన దగ్గర తేమకు సీసం మీద తెల్లని పొడి పడుతుంది, కాబట్టి మూత గట్టిగా పెట్టి గదిలోనే ఉంచండి. రేంజ్ నుంచి రాగానే సబ్బుతో చేతులు కడుక్కున్నాకే పిల్లలను తిననివ్వండి. సీసం విషం. దీనికి మినహాయింపు లేదు.

రైఫిల్ రకం: పెల్లెట్ ఎంపికను అది కూడా మారుస్తుంది

బారెల్‌ను కీలు దగ్గర మడిచి లోడ్ చేసే స్ప్రింగ్ రైఫిల్ అయితే ఇంత సూక్ష్మం అక్కర్లేదు. స్ప్రింగ్ కొట్టిన కుదుపే నూరో వంతు తేడాను మింగేస్తుంది. 4.50 తీసుకుని కాల్చుకోండి. పక్క లివర్‌తో ఒక్కసారి పంప్ చేసే పాత మ్యాచ్ రైఫిళ్లు, ఫైన్‌వెర్క్‌బౌ 603 లాంటివి, సెకండ్ హ్యాండ్‌లో దొరికితే బంగారం. గాలి సిలిండర్ గొడవ లేదు. కాకపోతే ప్రతి షాట్‌కూ లివర్ లాగాలి, చిన్న పిల్లలకు 60 షాట్లు అలసట.

గాలి నింపిన సిలిండర్‌తో పనిచేసే రైఫిళ్లే ఇప్పుడు అందరూ వాడేవి. సెకండ్ హ్యాండ్‌లో కొంటే బారెల్ కంటే ముందు సిలిండర్ మీద తేదీ చూడండి. పోటీ నిబంధనల ప్రకారం సిలిండర్‌కు గరిష్ఠంగా పదేళ్లే. రైఫిల్ చవగ్గా వస్తోందని తీసుకుని, తర్వాత కొత్త సిలిండర్‌కు పెట్టే ఖర్చుతో ఆ చవక కాస్తా కరిగిపోతుంది. 200 బార్ గాలి నింపిన సిలిండర్‌ను మే నెల ఎండలో మూసిన కార్లో వదిలెయ్యకండి. పొడి గాలి తప్ప ఇంకేదీ నింపించకండి. ఆక్సిజన్ అస్సలు కాదు, పేలుతుంది.

బారెల్ బయటి వ్యాసం: బరువులూ, ముందు సైటూ

లోపలి వ్యాసం పెల్లెట్‌కు ఎంత ముఖ్యమో బయటి వ్యాసం బారెల్‌కు బరువులు పట్టించే క్లాంప్‌కు అంత ముఖ్యం. రైఫిల్ ముక్కు వైపు బరువు కావాలని కొందరు బారెల్‌కు బరువులు తొడుగుతారు. రైఫిల్ మొత్తం, సైట్లతో సహా, 5.5 కిలోలు దాటకూడదు. ఒక్కో కంపెనీ బారెల్ తొడుగు ఒక్కో లావు. క్లాంప్ పెద్దదైతే టేప్ చుట్టి బిగిస్తారు. అది రెండు వందల షాట్లకు జారుతుంది, గురి తెలియకుండా మారుతుంది. అందుకే వెర్నియర్. క్లాంప్ కూర్చునే చోటే కొలవండి, ముక్కు దగ్గర కాదు. సరిపడేది దొరక్కపోతే బాలానగర్‌లో లేత్ ఉన్నవాళ్ల చేత బరువు రింగునే ఆ కొలతకు కోయించుకోండి. బారెల్ మీద మాత్రం ఎవరి పనిముట్టూ పడనివ్వకండి.

పదమూడేళ్ల పిల్లకు ముక్కు బరువు తొందరపడి పెట్టకండి. నడుము నొప్పితో మొదలవుతుంది. మా అమ్మాయికి ఒక్క 50 గ్రాముల ముక్కతో మొదలుపెట్టి, నెల తర్వాతే రెండోది వేశాం.

బారెల్ చివర ఉండే ముందు సైట్ ఒక గొట్టం, అందులో గురి చూసే రింగు బిగిస్తారు. ఆ గొట్టం మర రెండు కొలతల్లో వస్తుంది, ఎం18, ఎం22. ఎం18 రింగు ఎం22 గొట్టంలోకి ఎక్కదు. కొనే ముందు ఏది ఉందో చూసుకోకుండా డబ్బు పోగొట్టుకున్నవాళ్లను రేంజ్‌లో చూశాను. గొట్టం బయటి వ్యాసం 25 మిల్లీమీటర్లు, పొడవు 50 దాటకూడదు. మీ దగ్గర ఎం18 ఉంటే మార్చడానికి తొందర లేదు. వెలుతురు తక్కువున్న లోపలి రేంజ్‌లో ఎక్కువగా కాల్చేవాళ్లకు, పెద్ద రింగు కావాలనుకునేవాళ్లకు ఎం22 సుఖంగా ఉంటుంది.

రింగు సైజుకు కూడా చిన్న లెక్క ఉంది. టార్గెట్ నల్ల వలయం 30.5 మిల్లీమీటర్లు, దూరం 10 మీటర్లు. కంటికి సుమారు 85 సెంటీమీటర్ల దూరంలో ముందు సైట్ ఉంటే ఆ నలుపు అక్కడ 2.6 మిల్లీమీటర్ల వెడల్పున కనపడుతుంది. 3.4 రింగు పెడితే చుట్టూ 0.4 తెలుపు మిగులుతుంది, 4.0 పెడితే 0.7. సన్నని తెలుపు కచ్చితంగా ఉన్నట్టు అనిపిస్తుంది, కానీ కొంచెం ఊగగానే పిల్ల కంగారుపడి ట్రిగ్గర్ లాగేస్తుంది. కొత్తవాళ్లకు 4.0 దగ్గర పెట్టండి. కన్ను నిమ్మళంగా ఉంటుంది. నలుపు మసకబారితే ముందు రింగు మార్చకండి, కంటి దగ్గరుండే వెనక సైట్ (డయాప్టర్) చిల్లు కాస్త తెరిచి చూడండి.

మా డబ్బాల మీద ఇప్పుడు మార్కర్‌తో మూడు విషయాలు రాసి ఉంటాయి: సైజు, లాట్, టెస్ట్ చేసిన తేదీ. మిగిలిన ఐదు డబ్బాల 4.51ని రేంజ్‌లో ఇంకో అమ్మాయి వైస్‌లో పెట్టి చూసింది. ఆమె బారెల్‌కు అవే చక్కగా పడ్డాయి. అవి ఇప్పుడు ఆమె దగ్గరున్నాయి.